ఒక్క స్టారు

"ఆ ఒక్క స్టారిచ్చింది నువ్వేగా?" కోటేష్ త్రినాథ్‌ని కుర్చీతో సహా తనవైపు తిప్పాడు.

పొదిలిలో కోటేష్ నడిపే నెట్ సెంటర్లో కుర్రాళ్ళంతా ఆడేది ఒకటే క్రికెట్ గేము. అతను దానికి సొంతంగా ప్యాచ్ చేసి గ్రౌండుని మిరపకల్లంగా మార్చేశాడు. ప్రేక్షకుల చోట తొడిమలు తీసే ఆడవాళ్ళను కూర్చోబెట్టాడు. ఫ్యాన్స్ సైట్లో అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరు మాత్రం పేరు పెట్టకుండా ఒక్క స్టారిచ్చి, "ఇది చేసినవాడు కల్లంలో అడుగు పెట్టలేదు" అని రాశారు.

"కల్లం సంగతి మన ఊళ్ళోవాడికి కాక ఇంకెవడికి తెలుసురా? కుళ్ళుతో రాశావు!"

"నేను రాయలా. అయినా కంపెనీవాణ్ణి అడక్కుండా మార్చావు, ఒక మాటంటే పడలేవా?"

"కొన్నాక గేము నాది. నా ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటా."

"రాసింది నేను, అన్నా." పక్క క్యాబిన్లోంచి మహిమ లేచింది. "ఒక్కరి ముఖానికీ గుడ్డ కట్టలేదు నువ్వు. గుడ్డ లేకుండా ఆ ఘాటులో కాసేపైనా కూర్చోగలరా?"

"గుడ్డ కడితే ముఖాలేం కనపడతాయి?"

"ఆ మూడో ముఖం మా అమ్మది. క్రిస్మస్ ఫోటో స్కానింగుకిస్తే దాచుకున్నావు. గేము కొన్నావు, సరే. మా అమ్మని కూడా కొన్నావా?"

కోటేష్ మౌస్ అందుకుని ఆ ముఖం చెరిపెయ్యబోయాడు.

"చెరపమాక," అంది మహిమ. "గుడ్డ కట్టు. కల్లంలో మా అమ్మని నేను అట్టాగే గుర్తుపడతా."