ఆకుపచ్చ కార్డు

హెన్రీ కార్డు మూడు రోజులుగా పసుపు రంగులోనే ఉంది.

ఏలూరులో గంగాధరరావు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెల కిందట 'సారథి' అనే టూల్ పెట్టారు. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అందులో రంగు కార్డుల్లో కనిపిస్తుంది. మొదలుపెడితే పసుపు, పూర్తయితే ఆకుపచ్చ. కార్డు కదలకపోతే సారథి నుంచి మెసేజ్ వస్తుంది.

ఆకివీడులో ఇంటి నుంచే పనిచేసే హెన్రీకి ఆ ఉదయం కూడా వచ్చింది.

"హెన్రీ గారూ, మీ కార్డు ఇంకా పసుపులోనే ఉందండీ."

అతనికి ఒళ్లు మండింది. "ఇక్కడ పొద్దుట్నించీ కరెంటు లేదు. నీకేం తెలుసు?" అని టైప్ చేశాడు.

"అలాగాండీ. అయితే గడువు రేపటికి మార్చాను."

హెన్రీ అది భార్య మెర్సీకి చూపించాడు.

"మనిషికన్నా నయమండీ," అంది మెర్సీ.

అసలు చిక్కు కరెంటు కాదు. చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్‌లో అలారం మోగాలి. హెన్రీ రాసిన ప్రోగ్రాంలో అది ఒకసారి మోగుతోంది, ఒకసారి మోగడం లేదు. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. చేరి మూడు నెలలే అయింది. చేతకాలేదంటే ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో. మర్నాడు కార్డును ఆకుపచ్చ చేసేశాడు.

సోమవారం ఆ యాప్ రైతుల చేతికి వెళుతుంది. వాళ్లలో మెర్సీ నాన్నగారు కూడా ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం హెన్రీకి అన్నం సయించలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్లి సారథికి రాశాడు.

"ఆ అలారం సరిగా పనిచేయడం లేదు. భయమేసి ఆకుపచ్చ పెట్టాను. గంగాధరరావు గారికి మాత్రం చెప్పకు."

ఎప్పుడూ వెంటనే వచ్చే జవాబు ఈసారి పది నిమిషాలకు వచ్చింది.

"చెప్పనండీ. కార్డు మళ్లీ పసుపు చేస్తున్నాను. గోపీచంద్ గారిని అడగండి, ఇలాంటిది ఆయన ఇదివరకు చేశారు."

ఆఫీసులో సీనియర్ అయిన గోపీచంద్ విసుక్కోలేదు. రెండు గంటలు ఫోన్‌లో ఉండి తప్పు ఎక్కడుందో పట్టించాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక హెన్రీ మళ్లీ పరీక్షించాడు. అలారం పదికి పదిసార్లూ మోగింది.

యాప్ వెళ్లింది. ఆ వారం ఏలూరు ఆఫీసుకు వచ్చిన హెన్రీ ఉండబట్టలేక గంగాధరరావు గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ సారథి చాలా మంచి టూలండీ. దాన్ని మాత్రం తీసెయ్యకండి."

గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫ్రీ ట్రయల్ అయిపోయి అది మెసేజీలు పంపడం మొదటి వారంలోనే మానేసిందండీ హెన్రీ గారూ, అప్పట్నించీ మీకు రాస్తున్నది నేనే."