గోడలో గుంత

"పారేయలేదంటే పారేయలేదు. నీ మాత్రలతో నాకేం పనే?" కొర్రన్నం గెలుకుతూ, తలెత్తకుండానే అంది మద్దమ్మ.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయినాయా అత్తా? నర్సమ్మ నెలకని ఇచ్చినాది. పది దినాలకే సీసా అడుగు కనపడతాండాది!" హులిగెమ్మ సీసా ఎత్తి చూపింది.

ఆమెకు ఏడో నెల. కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే గుండె దడ. పత్తికొండ ఆస్పత్రిలో నర్సమ్మ కంటి రెప్ప తిప్పి చూసి, "ఒంట్లో నెత్తురే లేదు. దినానికొక మాత్ర మింగు. మట్టి తినేది మాను. లేదంటే కాన్పుకు తట్టుకోలేవు" అని గట్టిగా చెప్పింది.

మాత్రలు తెచ్చిన రోజే అత్త మూతి తిప్పింది. "పదిహేనేండ్లకే నీ మొగుణ్ణి కన్నా. ఏ మాత్ర మింగినా?"

హులిగెమ్మ ఆ రోజు నుంచి మట్టి ముట్టలేదు. కానీ గాదె వెనక గోడకు తాను గిల్లుకు తిన్న గుంత మాత్రం ఇప్పుడు పిడికిలి పట్టేంత అయింది. అడిగితే, "ఎలుకలు" అంది అత్త.

పొద్దుగూకే వేళకు చేని నుంచి హులిగెమ్మ మొగుడు బసవన్న, అతని తండ్రి పెద్ద ఈరన్న వచ్చారు. సంగతి వింటూనే బసవన్న చెంబు నేలకేసి కొట్టాడు.

"పెంటదిబ్బలో పోసినావా అమ్మా? ఇది సచ్చిపోతే నీ కండ్లు సల్లబడతాయా?"

"నోరు మూయిరా," అంటూ లేవబోయిన మద్దమ్మ, ఆయాసపడి గోడ పట్టుకుంది. చెరగు జారింది. గబుక్కున కప్పుకుంది.

"చెప్పరాదేమే?" కసిరాడు ఈరన్న. "మాత్రలు ఏం చేసినావు?"

"మింగినా."

"నెత్తురు మాత్రలు నువ్వు మింగేదేంది?"

మద్దమ్మ చెరగు మరింత దగ్గరికి లాక్కుంది. పెదవి కొసన ఎర్రమట్టి అంటుకుని ఉంది. హులిగెమ్మ దాన్నే చూస్తూ, తెలీకుండానే తన పెదవి తుడుచుకుంది.

"పొద్దున్నే బండి కట్టు నాయనా," కొడుకు మొహం చూడకుండా, నెమ్మదిగా అంది మద్దమ్మ. "కోడలితో పాటు నేనూ ఆస్పత్రికి వస్తా. నాకూ ఐదో నెల."