వెలిసిపోని ఎరుపు

"చెయ్యి ఇటియ్యి బిడ్డా" అంది గంగక్క.

ఉషారాణి చేతులు రెండూ కొంగులో దాచుకుంది. ఏడవలేదు. భర్త బలరాం తేనె కోసం అడవిలోకి పోయింది హోలీ మర్నాడు. రెండు నెలలు దాటి, ఇప్పుడు బీడీల తునికాకు కోత కూడా ముగింపుకొచ్చింది. ఈ మధ్యలో ఏడుపు ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

ఎదురుగా నేల మీద బావ రెడ్యా విప్పిన మూట ఉంది. అందులో బలరాం నీలం చొక్కా, ఖాళీ కారప్పూస ప్యాకెట్టు. తెల్లవారుతూనే ఆకుకు పోయిన రెడ్యాకు వాగు అవతల దొరికాయి.

"రెండు ఒక్క బండ మీదనే ఉన్నయి. ఇగ దేనికోసం చూద్దాం? వానలు పడకముందే వానికి దినాలు చేద్దాం" అన్నాడు రెడ్యా, తమ్ముడి చొక్కా వైపు చూడకుండా.

"అవ్. ఎన్నాళ్లు గిట్ల? నీ మొహం చూసి తండాల పెండ్లికి డప్పు గూడ కొడ్తలేరు" అంది గంగక్క. తండాలో ఏ ఆడమనిషి గాజులు తీయాలన్నా ఆమే రావాలి.

బలరాం తల్లి రూప్లి గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆమె రోజూ పొద్దున్నే అడవిలోకి పోయి ఎండెక్కాక తిరిగొచ్చేది. ఎక్కడిదాకా పోయావంటే విననట్టే పనిలో పడేది. అందరూ అడగడం మానేశారు. ఇవాళ మాత్రం ఆమె గడప దాటకముందే రెడ్యా మూటతో వచ్చేశాడు.

ఉషారాణి వంగి చొక్కా తీసుకుంది. ఆకాశం వైపున్న నీలమంతా పోయి తెల్లబడింది. పట్టుకున్న చోటల్లా చిరుగుతోంది. మెల్లగా కింద పెట్టి ప్యాకెట్టు అందుకుంది. అది వేళ్ల మధ్య గరగరమంది. దాని మీది జోకరు టోపీ ఎర్రగా మెరుస్తోంది.

ఆమె లేచి బయటికి నడిచింది. రెడ్యా వెనకే వచ్చాడు.

ఇంటి ముందే ఆమె దుకాణం. పడమటి ఎండ నేరుగా కొట్టే గుంజకు అదే కారప్పూస ప్యాకెట్ల దండ వేలాడుతోంది. హోలీకి వచ్చిన సరుకు. అమ్మేవి లోపల డబ్బాలో ఉంటాయి, బయటివి పిల్లలకు కనబడడానికి. ఈ మధ్య డబ్బాలోవి అమ్మకుండానే తగ్గుతుంటే ఎలుకల పని అనుకుంది. దండలో ఒక ప్యాకెట్టు పట్టి లాగింది. కవరు ఎండుటాకులా విరిగి, పొడి వేళ్లకంటింది. దాని మీది జోకరు టోపీ తెల్లగా ఉంది.

"బావా, బండ మీద దీనిపైన ఆకులేమన్న కప్పి ఉన్నయా?"

"లేవు. చెట్టు నీడ గూడ లేదాడ. ఏంది, ఏమైంది?"

"చొక్కా రంగు పోయింది. నా దండ రంగు పోయింది. దీనికి మాత్రం ఏం కాలే. ఇది ఎండల పడి నాలుగు రోజులు గూడ కాలేదు బావా."

"ఓసినీ! కవరు చూసి జాతకం చెప్తున్నవా? తండాల తిరిగి చెప్పరాదు, నాలుగు గింజలన్న వస్తయి" అంది గంగక్క లోపల కూర్చున్న చోటి నుంచే.

"రోజూ చూస్తున్న గంగక్కా. ముందు ఎరుపు పోతది. తర్వాత పసుపు. ఆ తర్వాత కవరే పెంకులు పెంకులు ఊడుతది. ఇన్ని దినాలు దాన్ని చూసుడు తప్ప నేనింకేం చేసిన?"

రెడ్యా రెండు కవర్లూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. ఎర్రదాన్ని తిప్పాడు. ఒక మూల పంటితో కొరికి చింపి ఉంది.

"వాడు గట్లనే కొరుకుతుండె" అన్నాడు నెమ్మదిగా. "కానీ ఇన్నాళ్లకు వానికిది యాడిది?"

"పోయేటప్పుడు సంచిల ఓ దండ పెట్టుకపోయిండు. సంచిల ఉన్నంత సేపు రంగుకేం కాదు."

 రెడ్యా గొడ్డలి అందుకున్నాడు.

"నేను వాగు పొడుగూతా చూస్తా. ఎవరన్న జల్దీ జూలూరుపాడు పోయి ఎస్టీడీ బూతు నుంచి ఫారెస్టోళ్లకు ఫోను కొట్టుండ్రి. గంగక్కా, నువ్వు ఇంటికి పో."

గంగక్క ఏదో గొణుక్కుంటూ లేచింది. ఉషారాణి చేతులు ఇక కొంగులోకి పోలేదు. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు తనదేనా అన్నట్టు ఆమె వాటి వైపు చూసుకుంది. లోపలికి పోయి అత్త ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అత్తను తండా మాటలో యాడీ, అంటే అమ్మా, అనే పిలుస్తుంది.

"యాడీ, నీ కొడుకు బతికే ఉన్నడు. ఇన్నవా? మొన్నమొన్ననే తిన్నడు."

రూప్లి కోడలి గాజుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి చొక్కాను ఒళ్లోకి తీసుకుని, చిరగకుండా మడత పెట్టింది. నడుముకు వేలాడే సంచిలోంచి జోకరు బొమ్మ ప్యాకెట్టొకటి తీసి దాని మీద ఉంచింది. నిండు ప్యాకెట్టు. ఎర్రగా ఉంది.

"చొక్కా నాకు ఎన్నడో దొరికింది బిడ్డా, చెప్తే నీ గాజులు తీస్తరని చెప్పలే... వానికి ఆకలైతదని రోజూ దాని పక్కన నేనే పెట్టొస్తున్న, కోతులు తింటున్నయి."