ఎర్రమ్మ పళ్లు

ఒక మొక్కజొన్న చేను అడుగున ఎర్రమ్మ అనే వానపాము హాయిగా కాపురముండేది. ఆ మట్టిలో ఒక ఆచారముంది. పైనుంచి ఏ తిండి రాలినా ముందు కంటికి ఆనని సూక్ష్మజీవులు తినాలి, ఆ తర్వాతే పెద్దవాళ్లు నోరు పెట్టాలి.

ఆ ఏడు చేలో కొత్తరకం వేశారు. విత్తనంలోనే ఏదో మార్చారట, కాండం కొరికిన పురుగు కొరికినట్టే చచ్చింది. కోతలయ్యాక ఆ చొప్పంతా మట్టిలో కలిసింది.

"అత్తా, ఇంకా చూస్తావేం? కానివ్వు," అన్నాడు పేడపురుగు దొర్లయ్య.

"చిన్నవాళ్లు తిన్నారా?"

"ఆ నలుసుల కోసం మనం పస్తులుండాలా?"

"ఉందాం అల్లుడూ."

పాత చొప్పయితే పదిరోజుల్లో మెత్తబడేది. ఇది నెలైనా కర్రలాగే ఉంది. ఎర్రమ్మకు వెన్నెముక లేదు గానీ, ఉంటే కడుపు దానికి అంటుకుపోయేదే.

ఎట్టకేలకు సన్నటి గొంతులు వినిపించాయి. "తినొచ్చు పెద్దమ్మా. విషం మెల్లగా విరిగింది. మాలో కొందరికి పడలేదు, చచ్చిపోయారు. మిగతావాళ్లం బాగానే ఉన్నాం."

ఎర్రమ్మ కడుపారా తిని, చుట్టచుట్టుకుని పడుకుంది.

మరుసటేడు మళ్లీ అదే చొప్ప రాలింది. ఎర్రమ్మ మళ్లీ తీరిగ్గా కూర్చుంది.

"పోయినేడు తిని బతికాంగా! ఇంకా భయమేనా అత్తా?" విసుక్కున్నాడు దొర్లయ్య.

"భయం కాదు అల్లుడూ. నాకు నోట్లో పళ్లు లేవు, ఆ చిన్నవాళ్లే నా పళ్లు. పోయినేడు కొన్ని ఊడాయి. ఈ ఏడు ఎన్ని మిగిలాయో చూసుకోకుండా నోరెలా తెరవను?"