నెత్తి మీద ఒట్టు

"దూది ఎక్కడన్న తట్టుకుంటుందా మామా?"

"ఆగరాదే పిల్లా, ఊపిరన్న తీసుకోనీ," అన్నాడు సాయన్న, దూది ఉండను విల్లు ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా జరుపుతూ. కర్ర మీద వెంట్రుకంత చీలిక ఉన్నా దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. ఎక్కడా పట్టుకోలేదు. పక్కనే కూర్చున్న మేనకోడలు సాయిలత ముఖం కళకళలాడింది.

కామారెడ్డిలో సాయన్నది వడ్రంగం షెడ్డు. తలుపులూ, కిటికీలూ, మంచాలూ చేసుకునే మనిషి. విల్లు పని ఆయనది కాదు కానీ, మేనకోడలు అడిగితే కాదనే నోరు ఆయనకు దేవుడివ్వలేదు. ఆ విల్లు పిల్ల తండ్రి, బావ వెంకటిది. పొరలు పొరలుగా కర్ర అతికించి, కొసలు వెనక్కి వంచి చేసిన పాతకాలపు విల్లు. బావ పోయాక పదేళ్ళుగా ఎల్లారెడ్డిలో అక్క ఇంట్లో గోడకే ఉంది. ఏటా దసరాకు దాన్ని దించి, పసుపు నీళ్ళతో శుభ్రంగా స్నానం చేయించి, బొట్లు పెట్టి దండం పెట్టుకునేవారు. ఆ పసుపూ కుంకుమా గీకి, పాత వార్నిష్ తీసి, వంకర పోయిన రెక్కను సరిచేసి, నూనె పట్టించేసరికి సాయన్నకు వారం పట్టింది.

సోమవారం హైదరాబాదులో విలువిద్య జట్టుకు సెలెక్షన్. ఎవరి విల్లు వాళ్ళే తెచ్చుకోవాలి. సాయిలత వయసుకు ఇదే ఆఖరి ఏడు. కొత్తది కొనే తాహతు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే పరీక్ష. గోడకు నిలబెట్టిన చెక్కకు కిందికి వరసగా ఐదు మేకులున్నాయి. విల్లును చెక్క పైన ఆనించి, తాడును ఒక్కో మేకుకు గుంజి తగిలించాలి. ఐదో మేకును అందుకుందంటే బాణం వేసేటప్పుడు లాగినంతా లాగినట్టే. మూడు మేకుల దాకా విల్లు కిక్కురుమనలేదు.

"తాడు ఎండిపోయింది. జర పోయి మైనం తే బిడ్డా," అన్నాడు. సాయిలత పరుగున దుకాణానికి పోయింది.

ఆమె అటు పోవడం, అక్క ఈరవ్వ ఇటు రావడం ఒకేసారి జరిగింది. ఎల్లారెడ్డి బస్సు దిగి సరాసరి వచ్చినట్టుంది. చెప్పులు విడిచి గడపలోనే కూర్చుంది.

"విల్లు మంచిగ లేదని చెప్పు తమ్మీ."

"ఏందక్కా గట్లంటవ్?"

"సోమవారమే పిల్లను దవాఖానల కంప్యూటర్ పనికి రమ్మన్నరు. ఆ దినం పోకుంటే ఇంకొకలకు ఇస్తరు. మీ బావ గిదే విల్లు పట్టుకొని ఊర్లన్ని తిరిగిండు. ఏమొచ్చింది? సుట్టాలల్ల ఇజ్జత్ లేకుండనే పాయె. దీని బతుకన్న ఒక తీరుకు రానీ."

"దాని మొఖం సూసుకుంట అబద్ధమెట్ల చెప్పాలె?"

"అమ్మ సచ్చిపోయినంక నిన్ను సాదింది ఎవలు? ఎన్నడన్న నిన్ను ఏమన్న అడిగిన్నా? గిదొక్కటే అడుగుతున్న."

సాయన్న లేచి అటెటన్నా పోదామన్నా గడపలో అక్క కూర్చుంది. ఇంకో దారి లేదు ఆ షెడ్డుకు. పాపం, ఆయన ఉలి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఇంతలో సాయిలత మైనం పట్టుకుని వచ్చింది.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే బిడ్డా. ఊకెనే వచ్చిన."

సాయన్న తాడుకు మైనం రుద్దాడు. నాలుగో మేకు. ఐదో మేకు. చెవిని విల్లుకు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. తాడు వదులు చేసి, మళ్ళీ ఐదో మేకుకు గుంజాడు. నుదుటి మీద చెమట పట్టింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. విల్లు దించి బల్ల మీద పెట్టాడు.

"ఇది పనికిరాదు బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా. "లోపల పొర విడిచింది. గట్టిగ గుంజితే మొఖం మీదనే పేలుతది."

"దూది ఎక్కడ తట్టుకోలే గద?"

"పైకి కనవడది."

సాయిలత తల్లి వైపు చూసింది. ఈరవ్వ కొంగు సర్దుకుంటూ బయటికి చూస్తోంది.

"అమ్మ చెప్పుమన్నదా మామా?"

"ఎవ్వలు చెప్పలే."

సాయిలత దగ్గరికొచ్చి మేనమామ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "అయితే నా నెత్తి మీద ఒట్టేసి చెప్పు."

పిల్ల నెత్తి మీద దొంగ ఒట్టు వేస్తే కీడు ఆ పిల్లకే. వాళ్ళ ఇండ్లల్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. సాయన్న చెయ్యి అక్కడే ఉంచాడు.

"ఒట్టు. ఈ విల్లు పనికిరాదు."

ఈరవ్వ దిగ్గున లేచింది. తమ్ముడి చేతిని విసిరికొట్టి, కూతురి తలను కొంగుతో తుడిచింది.

"నా బిడ్డ మీదనే దొంగ ఒట్టు ఏస్తవా? వాపస్ తీస్కో. ముందుగాల వాపస్ తీస్కో," అంటూ ఏడ్చేసింది. "నేనే చెప్పుమన్న సాయీ. మామ తప్పేం లేదు. విల్లు మంచిగనే ఉన్నది. నౌకరీ పోతే పోనీ. నువ్వు సల్లగుంటే సాలు నాకు. పో, సెలెక్షన్‌కే పో."

సాయిలతకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. తల్లిని వాటేసుకుంది. బల్ల మీది విల్లు తీసుకుంది. "ఒకసారి గుంజి చూపెట్టాల్నా అమ్మా?"

"చూపెట్టు బిడ్డా. మీ నాయిన లెక్కనే గుంజు."

సాయిలత విల్లు ఎత్తి తాడు మీద వేళ్ళు వేసింది. సాయన్న ఒక్క అంగలో వచ్చి విల్లును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంక విడువు మామా. అమ్మ ఒప్పుకున్నది గద."

"విడువు తమ్మీ," అంది ఈరవ్వ కళ్ళు తుడుచుకుంటూ. "నాకు నీ మీద కోపమేం లేదు."

సాయన్న నోరు తెరిచాడు. ఇప్పుడు ఏం చెప్పినా వాళ్ళిద్దరిలో ఒక్కరూ నమ్మరు. పట్టు మాత్రం వదల్లేదు.

ఆయన వేసింది దొంగ ఒట్టు కాదు.