ఆదివారం ఫిల్టరు

"దీన్ని కొని చెడ్డాను బాబోయ్!" అంటూ ఆయన కారు దిగి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

కారంటే మామూలు కారు కాదు, ఏనుగంత డీజిల్ బండి. లోపల మెత్తటి తోలు సీట్లు, పైన ఆకాశం కనపడే అద్దం. కొత్తదైతే కలలో కూడా కొనలేడు. ఎవరో వాడి వదిలించుకుంటుంటే ఈయన తగులుకున్నాడు. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మనిషికి ఇంత బండి ఎందుకయ్యా అంటే, "పదేళ్ళయినా చెక్కు చెదరదు" అనేవాడు. చెదరకపోవడం మాట దేవుడెరుగు, కొన్న వారం నుంచే షెడ్ల చుట్టూ ప్రదక్షిణలు మొదలయ్యాయి. ఒకరోజైతే చొక్కా నిండా మసి పూసుకుని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత సస్పెన్షను, ఆ తర్వాత టర్బో. చేతిచమురు వదలడమే కాదు, తల ప్రాణం తోకకొచ్చింది.

"లోపలికొచ్చి కాసేపు నడుం వాల్చండి," అంది ఆమె తాళం తీస్తూ.

"వాలుస్తాను, ఇంకేం చేస్తాను! వారమంతా షాపులో నిలబడటం, ఆదివారం ఈ మహాతల్లిని ఊరేగించడం. దీని ఫిల్టరు బాగుండాలి, నా నడుం ఏమైపోయినా ఫరవాలేదు!"

ఆమెకు గుండె కలుక్కుమంది. ఆ ఊరేగింపు ఫిల్టరు కోసం కాదని ఆమెకు తెలుసు.

ఏడాది కిందట ఆ ఇంట్లో మాటలు అడుగంటాయి. పోట్లాడుకున్నదీ లేదు, అదే బాధ. రక్తపరీక్షల ల్యాబులో పొద్దస్తమానం సూదులు గుచ్చి ఆమె ఉసూరుమంటూ వచ్చేది. షాపు మూసి ఆయన ఈసురోమంటూ వచ్చేవాడు. "గ్యాసు చెప్పావా?", "గడియ పెట్టారా?" అంతే కాపురం. వేరే ఊళ్ళో కొత్త ల్యాబు పెడుతున్నాం, వెళ్తారా అని యజమాని అడిగితే, వెళ్ళిపోదామనే అనుకుంది. తను లేనట్టు ఈయనకి తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుందో అని నవ్వుకోబోయింది గానీ ఏడుపొచ్చింది.

వెళ్ళే ముందు ఆఖరి ప్రయత్నంగా మెకానిక్‌ను పట్టుకుంది. టర్బో పోయినప్పటి నుంచి ఆ బండిని చూస్తున్నది అతనే. అతని తల్లి మంచాన పడ్డప్పుడు ఇంటికెళ్ళి రక్తం తీసిపెట్టింది కాబట్టి "అక్కా" అని పిలుస్తాడు. డీజిల్ బండికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుందనీ, ఊళ్ళోనే తిప్పుతుంటే అది పూడుకుపోతుందనీ, అప్పుడప్పుడూ పెద్దరోడ్డు మీద జోరుగా నడిపితే మసి కాలిపోతుందనీ ఒకసారి అతనే చెప్పాడు.

"అప్పుడప్పుడూ అనకు తమ్ముడూ, ప్రతి ఆదివారం అని చెప్పు," అని బతిమాలింది. "ఒక్కరే వెళ్తే కునుకు పడుతుంది, పక్కన మనిషి ఉండాలని కూడా చెప్పు."

అతను ఆ మాటే పొల్లుపోకుండా చెప్పాడు. ఆయన అంతా విని, మెకానిక్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

"ప్రతి ఆదివారమా? సరే, ఖర్మ!" అన్నాడు.

మొదట్లో దారి పొడుగునా కారును తిట్టుకున్నారు. తిట్లు అయిపోయాక చుట్టాలను తిట్టుకున్నారు. అదీ అయిపోయాక చిన్నప్పటి కబుర్లలో పడ్డారు. ఎన్నేళ్ళ తర్వాతో ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. కొత్త ల్యాబుకు రానని చెప్పేసింది. ఒక ఆదివారం ఆమెకు జ్వరమొస్తే, "మీరొక్కరే వెళ్ళి రండి," అంది. "ఈ ఒక్క వారానికి ఫిల్టరేం చచ్చిపోదులే," అని ఆయన మంచం పక్కనే కూర్చుని నారింజ తొనలు ఒలిచిపెట్టాడు. ఆమె అన్నయ్య, బండి కొనే మనిషిని తీసుకొస్తానంటే, "ఆదివారమా? అబ్బే, ఎలా కుదురుతుంది బావా! ఫిల్టరు పనుంది కదా," అని తప్పించుకున్నాడు.

పాపం, అంత నమ్మేశాడు! వారానికి ఒక్క సెలవు, అది కూడా ఆమె అబద్ధం మింగేస్తోంది. ఆ నడుం చూశాక ఇక ఆమెకు మనసొప్పలేదు.

మర్నాడు బ్రేకులు చూపించాలని ఆయనకు చెప్పి, బండిని మెకానిక్ చేత షెడ్డుకు తెప్పించి, తనూ అక్కడికి వెళ్ళింది.

"ఇక చాలు తమ్ముడూ. ఫిల్టరు శుభ్రం చేశాను, తిప్పక్కర్లేదని ఆయనతో చెప్పెయ్."

"మరి మీ ఆదివారాలు అక్కా?"

"నా ఆదివారాల సంగతి నేను చూసుకుంటాను," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కటి మాత్రం, నిజంగానే శుభ్రం చేయించు. అబద్ధం మీద అబద్ధం ఇక మొయ్యలేను."

అతను బండిని పైకి లేపాడు. పొగగొట్టం మధ్యలో ఇనప డబ్బా ఒకటి ఉంది. "ఫిల్టరు దీంట్లోనే ఉంటుంది, కోసి తియ్యాలి," అంటూ పక్క షెడ్డు కేసి కేకేశాడు. "బాబాయ్! ఒకసారి ఇటు రా."

ముసలి వెల్డరు వచ్చాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, "ఇది సారు షాపులో కొన్నదేనమ్మా," అని ఆమెకు చూపించి మురిసిపోయాడు. తర్వాత డబ్బా కింద నిలబడి, దాని అతుకు మీద వేలితో రాసి చూశాడు.

"దీన్నెందుకు కొయ్యడం?"

"లోపల ఫిల్టరు శుభ్రం చెయ్యాలి బాబాయ్," అన్నాడు మెకానిక్.

"ఇంకెక్కడి ఫిల్టరు!" అని నవ్వాడు వెల్డరు, ఆమె వైపు తిరిగి. "మీకు చెప్పలేదామ్మా?"

"ఏమిటి?"

"బండి కొన్న వారంలోనే అది పూడుకుపోతే, సారు దగ్గరుండి నాచేత దాన్ని పీకించేశారు."