సాగనంపే వసారా

"ఒక్కరికి విమానం తప్పినా సరే మేడమ్, రేపు పొద్దున్నే ఇక్కడ అడ్డంగా గోడ కట్టించేస్తాను," అన్నాడు ఊరి కొత్త విమానాశ్రయం మేనేజరు.

"ఒక్కరికీ తప్పదు. పందెం!" అంది ఆర్కిటెక్టు.

మొదటి విమానం బయల్దేరడానికి ఇంకా గంట ఉంది. ఇద్దరూ టెర్మినల్ వసారాలో నిలబడ్డారు. మిగతా కట్టడంతో మేనేజరుకు పేచీ లేదు. గోడలకు ఊరి క్వారీ రాయి, ఊళ్ళో ఇళ్ళకున్నట్టే వాలు పెంకుల కప్పు, కొండ గాలి వచ్చే దిక్కున కిటికీలు. అన్నిటికీ సరేనన్నాడు. రన్‌వే వైపు నడుం ఎత్తు పిట్టగోడ పెట్టి, టికెట్టు లేనివాళ్ళ కోసం ఇంత పొడుగు వసారా దేనికన్నదే అతని గొడవ.

"ఈ ఊళ్ళో ఒకరు బస్సెక్కితే ఇంటిల్లిపాదీ సాగనంపడానికొస్తారు సార్. బస్టాండులో కూర్చుని చూశాకే ఈ ప్లాను గీశాను. వాళ్ళను గేటు బయట నిలబెడితే ఇది ఈ ఊరిదెలా అవుతుంది?"

"ఆ గోలలో పడి వెళ్ళేవాళ్ళు విమానం సంగతే మరిచిపోతారు. చూస్తూ ఉండండి."

తలుపులు తీశారు. ఊరు ఊరంతా వసారాలోకి దిగింది. ఆర్కిటెక్టు కాలు ఒకచోట నిలవలేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది. బెంచీలు నిండాయి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి జనం బారులు తీరారు. ఆమె కాగితం మీద గీసినట్టే.

"అల్లుడుగారూ! లోపల చలేస్తుందట, శాలువా కప్పుకోండి!" అని ఒక పెద్దావిడ కేకేసింది.

"ఇంజను మోతలో ఏం వినబడుతుంది పిన్నీ?" అంది పక్కనున్న అమ్మాయి.

"వినబడనప్పుడు నేనెందుకొచ్చినట్టే?" అని పెద్దావిడ మళ్ళీ కేకేసింది.

పక్కన ఇంకొకామె పమిట కొంగుతో కళ్ళొత్తుకుంది. "అదిగో, మా ఆయన మెట్లెక్కుతున్నారు. వెనక్కి చూస్తే ఒట్టు! ఇంట్లోనూ అంతే."

మెట్ల మీద మనిషి ఆగాడు. వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

"చూశాడు! చూశాడు!" వసారా అంతా అరిచింది. ఆర్కిటెక్టూ అరిచింది. ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు.

మైకులో ఏదో పిలుపు వచ్చింది. అరుపుల్లో కలిసిపోయింది. మెట్లు తీసేశారు. విమానం కదిలింది, పరుగు తీసింది, నేల వదిలింది. జనం ఈలలు వేశారు. ఆర్కిటెక్టు బెంచీ ఎక్కి, అది కొండ దాటేదాకా చెయ్యి ఊపింది.

మేనేజరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఓడిపోయారు మేడమ్. ఒకరు ఎక్కలేదు. మైకులో పిలిచి పిలిచి మా స్టాఫ్ అమ్మాయి గొంతు పోయింది."

ఆమెకు ఒళ్ళు మండింది. "ఎవరండీ ఆ మహానుభావుడు? కళ్ళెదుట విమానం పెట్టుకుని ఎక్కడం మరిచిపోతారా ఎవరైనా? బుద్ధుండక్కర్లా?"

మేనేజరు ఇంకా గాల్లోనే ఉన్న ఆమె చేతి వైపు చూపించాడు.

ఆ చేతిలో బోర్డింగ్ పాసు రెపరెపలాడుతోంది.